బడి కమిటీ – మన భుజాలపై ఉన్న అమానతు

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!



నేటి అంశం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నిక. జుమా ఖుత్బాలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లల్లో చాలామంది చదువుతున్నది ప్రభుత్వ బడిలోనే. అక్కడ వారు తాగే నీరు, తినే అన్నం, కూర్చునే గది గురించి రేపు ప్రభువు సన్నిధిలో మనల్ని అడగరని చెప్పగలమా? ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అందులోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కావాలి, సగం మంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో పరిశీలించడం ఈ కమిటీ బాధ్యతలు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. పోటీకి పెద్ద చదువు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఆ బడిలో మన బిడ్డ చదువుతుండటమే అర్హత.

2024 జనవరిలో తెలంగాణ అంతటా ఈ ఎన్నికలు జరిగాయి. ఆ రోజు మనలో ఎందరం బడి గడప తొక్కాం? ఒకరు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉందన్నారు. ఇంకొకరు లారీ లోడుకు వెళ్లాలన్నారు. మరొకరు పొలంలో కూలీలు ఎదురుచూస్తున్నారన్నారు. ఎవరో ఒకరు ఉంటారులే అని అందరం అనుకున్నాం. ఈ మింబరుపై నిలబడే మేము కూడా ఎన్నికకు ముందు వచ్చిన శుక్రవారం ఆ మాట ఎత్తలేదు. ఆ లోపం ముందుగా మాది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! మరుగుదొడ్డికి తలుపు లేదని ఎదిగిన ఆడపిల్ల బడి మానేస్తే ఇంట్లో కూర్చుని బాధపడతాం. ఆ తలుపు గురించి అడిగే స్థానం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం మౌనం వహిస్తాం.

సోదరులారా! ఇక్కడ భక్తిపరుల మనసులో ఒక న్యాయమైన సందేహం తలెత్తుతుంది. పదవిని కోరవద్దని ప్రవక్త (స) వారించలేదా? నిజమే. అడిగి తెచ్చుకున్న పదవికి మనిషిని వదిలివేయడం జరుగుతుందనీ, అడగకుండా లభించిన బాధ్యతలో అతనికి దైవసహాయం అందుతుందనీ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు ఆయన బోధించారు. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి పుణ్యాత్మునికి సైతం, అది అమానతు అనీ, దాని హక్కు నెరవేర్చని వానికి ప్రళయదినాన అవమానంగా, పశ్చాత్తాపంగా మారుతుందనీ చెప్పి వారించారు.

మరి హజ్రత్ యూసుఫ్ (అ) సంగతి ఏమిటి? రానున్నవి కరవు సంవత్సరాలని ఆయనకు తెలుసు. ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని రాజును ఆయనే స్వయంగా కోరారు. తన వంశాన్ని గానీ, ప్రవక్త పదవిని గానీ ప్రస్తావించలేదు. కాపాడగలనన్నారు, తెలిసినవాడినన్నారు. దివ్యఖుర్ఆన్ యూసుఫ్ సూరా 55వ ఆయతులో ఈ ఉదంతం ఉంది. పెద్దపీట కోసం అడగడం వేరు, ఆకలిగొన్న జనం కోసం భారం ఎత్తుకోవడం వేరు. నిషేధం మొదటిదానికి వర్తిస్తుంది. సమర్థుడు తప్పుకుంటే ప్రజలకు నష్టం కలిగే చోట ముందుకు రావడమే ధర్మమని పండితులు వివరించారు.

కాబట్టి పోటీకి నిలబడదలచినవారు తమ అంతరాత్మను ఒక ప్రశ్న అడగాలి: ‘అధ్యక్షుడనే పేరు, సభలో కుర్చీ, శాలువా ఏవీ లేకపోయినా ఈ పని చేస్తానా?’ చేస్తాననే జవాబు వస్తే బిస్మిల్లాహ్ అని ముందుకు రండి. రాకపోతే తగినవారికి చోటివ్వండి.

ఎన్నికైన తరువాత పరీక్ష మరింత కఠినం. జకాత్ వసూలుకు వెళ్ళి వచ్చిన ఒక వ్యక్తి, కొంత సొమ్మును వేరుచేసి ఇది తనకు వచ్చిన కానుక అన్నాడు. ప్రవక్త (స) మింబరుపై నిలబడి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. గది మరమ్మతు చేసిన కాంట్రాక్టరు మన ఇంటికి మిఠాయి పెట్టె పంపినప్పుడు ఈ ప్రశ్న గుర్తుకు రావాలి. చూడని పనికి సంతకం పెట్టడం అబద్ధపు సాక్ష్యమే. మధ్యాహ్న భోజనం పిల్లలతో కూర్చుని తిని చూడనివాడు అది బాగుందని రాయకూడదు.

మరొక ముఖ్య విషయం. ప్రతి తరగతి నుండి ఎన్నికయ్యే ముగ్గురిలో కనీసం ఇద్దరు తల్లులు ఉండాలి. 2024లోనే బడుల మరమ్మతు పనుల కోసం ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ మహిళా సంఘాల అధ్యక్షురాళ్ళే నాయకత్వం వహిస్తున్నారు. మన ఇళ్ళలోని తల్లులు మాత్రం ఎందుకు వెనుకబడాలి? హిజాబు సభకు అడ్డు కాదు. ఆడపిల్లల ఇబ్బంది తల్లికి తెలిసినట్లు మనకు తెలియదు. ఇంటికి వెళ్ళి ఈ మాట వారికి చేరవేయండి. ఆ రోజు పొయ్యి దగ్గర పని మీరు చూసుకోండి.

అయితే ఒక హెచ్చరిక. మనవాడు అనే ఒక్క కారణంతో ఎవరికీ చేయి ఎత్తకండి. ఆ బడిలో మన పిల్లల పక్కనే పొరుగువారి పిల్లలూ ఒకే పంక్తిలో కూర్చుని తింటున్నారు. అమానతులను వాటికి అర్హులైన వారికే అప్పగించమని అన్-నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. పొరుగింటి ముస్లిమేతర సోదరుడు మనకంటే నిజాయితీపరుడైతే అతన్ని గెలిపించడమే ఆ ఆజ్ఞకు విధేయత. మనం గెలిస్తే, ఉర్దూ ఉపాధ్యాయుని కోసం ఎంత పట్టుదలగా అడుగుతామో, దళితవాడ పిల్లవాడు బడి మానేసినప్పుడు అంతే పట్టుదలగా అతని ఇంటికి వెళ్ళాలి.

బద్ర్ యుద్ధ ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు మదీనా పిల్లలకు చదువు నేర్పి విడుదల పొందారు. శత్రువు నోటి నుండైనా సరే, అక్షరం పిల్లలకు అందాలని ప్రవక్త (స) కోరుకున్నారు. ఆయన ఉమ్మత్ అయిన మనం మన వీధి చివర ఉన్న బడికి రెండు గంటల సమయం ఇవ్వలేమా?

ఎన్నిక ఎప్పుడని ఈ వారమే బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుల వారిని మర్యాదగా అడగండి. ఓటర్ల జాబితాలో మీ పేరు చూసుకోండి. ఎన్నిక నాడు షిఫ్టు ఉంటే తోటి కార్మికునితో ముందే మార్చుకోండి. మేమూ మీతో వస్తాం.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. పదవీ వ్యామోహం నుండి మమ్మల్ని కాపాడు. బాధ్యత నుండి పారిపోయే పిరికితనం నుండి కూడా కాపాడు. మాకు అప్పగించిన అమానతుల లెక్కను నీ సన్నిధిలో తేలిక చేయి. ఆమీన్.