బదిలీ ఉద్యోగియు, కారు పన్నును
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



కారు కొనదలచినప్పుడు మనము అంగడివాడు చెప్పు ధరను మాత్రమే విందుము. పన్ను సంగతి పిమ్మట తెలియును. బదిలీలపై తిరుగు మనవంటివారికి అదియే ముఖ్యము.

వాహనములపై పన్ను విధించు అధికారమును రాజ్యాంగము రాష్ట్రముల జాబితాలో 57వ అంశముగా చేర్చినది. కావున ఒక్కొక్కచోట ఒక్కొక్క లెక్క. విశాఖపట్టణమున జీవితకాలపు పన్ను చెల్లించి, కారును ఓడపై ఈ దీవులకు తెచ్చుకొన్నవాని సంగతి చూడుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము, ఒకచోట రిజిస్టరైన బండి వేరొక రాష్ట్రమునగాని కేంద్రపాలిత ప్రాంతమునగాని పండ్రెండు మాసములకు మించి యున్నచో క్రొత్త నంబరు తీసికొనవలెను. అందుకు పాత కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము రావలెను. నడుమ సముద్రము! ఈ తంతు ముగియునాటికి మరల బదిలీ ఉత్తరువు వచ్చినను ఆశ్చర్యము లేదు.

2021 సెప్టెంబరు 15 నుండి అమలునకు వచ్చిన బి.హెచ్. శ్రేణి ఈ చిక్కును చాలవరకు విప్పినది. ప్రభుత్వోద్యోగి తన కార్యాలయపు గుర్తింపుకార్డు చూపి దీనిని కోరవచ్చును. రాష్ట్రము మారినను నంబరు మారదు. పన్నును జీవితకాలమున కంతకు ఒక్కమారు గాక, రెండేండ్లకొక తడవ చెల్లింతుము. నా మతమున, ఇంకను రెండుమూడు బదిలీలు మిగిలిన వారికి ఇదియే మేలు. విశ్రాంతి సమీపించి స్వస్థలమున స్థిరపడనున్నవారు అచ్చటికి చేరిన పిమ్మట కొనుటయే లాభము. ఒక్క హెచ్చరిక: పన్ను గడువు తీరి ఏడు దినములు దాటినచో దినమునకు 100 రూపాయల జరిమానా కలదు. ఓడ టిక్కెట్టు తేదీ గుర్తున్నట్లు ఈ తేదీ గుర్తుండదు గదా!

ఇక పాతకారు బేరము. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. దానిని పునరుద్ధరించు రుసుము 600 రూపాయలుండెడిది. 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. ఇరువదియేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేసిరి. మరియొకవంక, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై వస్తుసేవల పన్ను 28 నుండి 18 శాతమునకు తగ్గినది. కావున పదమూడేండ్ల కారును ‘చవుక’యని కొనువారు మరల లెక్క వేసికొనుట మంచిది. కార్యాలయపు పాత జీపు వేలమునకు వచ్చునను ఆశయు వలదు. పదునైదేండ్లు నిండిన ప్రభుత్వ వాహనములకు 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరణ లేదు.

పునరుద్ధరణకు ముందు అధికారి బండిని పరీక్షించును. ఈ దీవులలో ఉప్పుగాలియు, నెలల తరబడి వానయు ఇనుమును లోలోపల తినివేయును. పైరంగు మాత్రము నిగనిగలాడుచుండును. అందుచేత పగటివేళ బండిని ఎత్తుపై నిలిపి అడుగుభాగము చూడుడు. లోపలి తివాచీ ఎత్తించుడు. తలుపుల క్రిందియంచును స్క్రూడ్రైవరుతో తట్టుడు. బోలుశబ్దము వచ్చినచో అచ్చట రేకు పోయినదన్నమాట. ఎగువబాటలో ఒకమారు, తీరపుబాటలో ఒకమారు నడిపి బ్రేకులు పరీక్షింపుడు. బ్యాంకు అప్పు తీరినట్లు రిజిస్ట్రేషను పత్రములో చూచుకొని, అందులోని ఇంజను, ఛాసిస్ నంబరులను బండిపై నంబరులతో సరిపోల్చిన తరువాతనే బయానా ఇయ్యుడు.