రామచిలుక, రాబందు

(సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ సాయంకాలము రెండు పక్షులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఒకటి అందరికీ ముద్దైన రామచిలుక. రెండవది ఎవరికీ గిట్టని రాబందు.

రెండింటికీ ముక్కు వంకరే, పని మాత్రము వేరు. చిలుక ముక్కు గింజలు పగులగొట్టును, కొమ్మ ఎక్కునప్పుడు మూడవ కాలుగా పనికివచ్చును. రాబందు ముక్కు చచ్చిన పశువు తోలు చీల్చును. చిలుక కాలికి రెండు వ్రేళ్లు ముందుకు, రెండు వెనుకకు ఉండుటచే జామకాయను చేతితో పట్టినట్లు పట్టి తినును. రాబందు కాళ్లకు పట్టు తక్కువ. గద్దవలె వేటను తన్నుకొని పోలేదు. చిలుక చెట్టు తొర్రలో మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. రాబందు ఏడాదికి ఒక్కటే పెట్టును.

చిలుక మన జొన్న కంకులను, జామ తోటలను పాడుచేసినను దానిని ముద్దు చేయుదుము. రాబందు ఏ పైరును ముట్టక, ఊరి బయటి కళేబరములను తిని రోగములు వ్యాపించకుండ కాపాడును. దానిని చూచి ముఖము త్రిప్పుకొందుము.

మన ముద్దు చిలుకకు పంజరమైనది. తొర్రలోని పిల్లలను తీసి, రెక్కలు కత్తిరించి అమ్ముచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకను పట్టుట, అమ్ముట, పెంచుట నేరము.

మన నిర్లక్ష్యము రాబందుకు మృత్యువైనది. పశువుల నొప్పికి ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందే కారణమని 2004లో తెలిసినది. సూది వేసిన కొద్ది రోజులలో పశువు చనిపోగా, ఆ మాంసము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చినవి. 1992 నుండి 2007 లోపల మన దేశపు తెల్లవీపు రాబందులలో వెయ్యింటికి సుమారు ఒకటి మిగిలినది. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. అయినను మనుష్యుల మందును పశువులకు వాడుట ఆగనందున, 2015లో పెద్ద సీసాలను నిలిపి 3 మిల్లీలీటర్ల సీసాలనే ఉంచినది.

కావున రెండు మనవులు. సంతలో చిలుకను కొని పిల్లలకు ఇవ్వకుడి, కొనువాడుండగా పట్టువాడుండును. పశువుకు సూది వేయించునప్పుడు మందు పేరు అడుగుడి; రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉన్నది. చిలుకను తోటలో చూచి సంతోషింతము. రాబందు మనకు అందముగా కనబడకపోయినను, దాని పనిని అది చేసికొననిత్తము.