రెండు రంగుల బ్రియోష్ అల్లిక - రెండో మెట్టు
(అల్లిక తరగతి సోదరీమణుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సీదా, ఉల్టా చేయి తిరిగి, ఒక్క రంగుతో బ్రియోష్ పట్టీ అల్లినవారి కోసం ఈ నాలుగు మాటలు. దీన్ని జర్మనీలో 'పటెంట్' అల్లిక అంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన అమెరికన్ మహిళ నాన్సీ మర్చంట్ 2009లో దీని మీద ఒక పుస్తకమే రాశారు.

రెండో రంగు చేర్చాక ఎక్కడో తప్పు పోతుంది. మొత్తం విప్పేస్తాం. రెండుసార్లు విప్పేసరికి ఊలు నలుగుతుంది, మనసూ విరుగుతుంది, సూదులు పెట్టెలోకి పోతాయి. కనుక కొత్త డిజైన్ల కంటే ముందు నేర్వవలసింది అల్లికను చదవడం.

పద్ధతి తెలిసిందే. రెండు కొసలా మొన ఉన్న సూది కావాలి. లేత రంగుతో సీదా కుట్లు అల్లి, ఉల్టా కుట్లను అల్లకుండా దాటించి, వాటిపై దారం వేస్తాం. తిప్పకుండా కుట్లన్నీ రెండో కొసకు జరిపి, ముదురు రంగుతో ఉల్టా కుట్లు అల్లి, సీదావి దాటిస్తాం. అప్పుడే తిప్పాలి. వెనకవైపు ముదురుది సీదా, లేతది ఉల్టా.

దాటించిన కుట్టు మీది దారాన్ని శాలువా అనుకోండి. కుట్టూ శాలువా కలిపి లెక్కకు ఒకటే. ఏ రంగు ముగించినా, ఒకటి ఒంటి కుట్టు, ఒకటి శాలువా కుట్టు, ఇలా వరసగా కనబడాలి. మామూలు వరుసలో ఒంటి కుట్లు రెండు పక్కపక్కన ఉంటే, ఒక శాలువా జారిందన్నమాట. అక్కడి దారాన్ని ఎత్తి కుట్టుపై వేస్తే సరి. విప్పే పనేముంది?

ఇక పెంచడం, తగ్గించడం. ఒక్కటే పెంచితే లేత పక్కన లేత వచ్చి చారలు చెడతాయి. అందుకే రెండేసి. ఒకే కుట్టులో సీదా, దారం, మళ్ళీ సీదా చేస్తే ఒకటి మూడవుతుంది. తర్వాత ముదురు రంగుతో వచ్చినప్పుడు మధ్యది ఉల్టా అల్లాలి. దానికి శాలువా ఉండదు, కంగారు పడకండి. తగ్గించడానికి మూడింటిని కలిపి ఒకటి చేస్తాం.

పెంచబోయే ముందు, మొండి సూదితో సన్నని నూలుదారం కుట్లన్నిటిలోంచి, శాలువాలతో సహా, దూర్చి ఉంచండి. తప్పు పోయినా అక్కడిదాకానే విప్పాలి.

ఈ అల్లిక వదులుగా సాగుతుంది గనుక ఒక నంబరు సన్న సూది వాడండి. ఊలు కాస్త ఎక్కువే కొనండి.

ఈ వారం చిన్న పట్టీ అల్లి, కావాలనే ఒక శాలువా జార్చి, విప్పకుండా సరిచేసి చూడండి. అది చేయగలిగితే రెండో మెట్టు ఎక్కినట్టే.

సెలవు.