మోకాలి మార్పిడి – రోగికొక అచ్చు
(షోలాపురమున సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మగ్గముల మీదను, బీడీల చేటల యెదుటను బ్రతుకు గడపిన మన పెద్దలు పలువురు మోకాళ్ల నొప్పులతో సంఘమునకు వచ్చుచున్నారు. వారు తెచ్చు ఆస్పత్రి అంచనాలలో ఇటీవల ఒక క్రొత్త పద్దు కనబడుచున్నది: రోగికి ప్రత్యేకముగా చేసిన గైడు. దీనికై అప్పు చేయవలెనా యని అడుగుచున్నారు. మేము వర్తకులము, వైద్యులము కాము. తెలిసికొన్నంత మనవి చేయుదుము.

ఈ చికిత్సలో అరిగిన ఎముకల కొసలను కోసి, లోహపు తొడుగులు అమర్చి, నడుమ ప్లాస్టిక్కు పలక నుంతురు. కోత వంకరయైన కాలు వంకరయగును. వాడుక పద్ధతిలో తొడయెముక బోలులోనికి కడ్డీ చొప్పించి, దాని యాధారమున కోత గురి నిలుపుదురు. క్రొత్త పద్ధతిలో ముందుగనే సీ.టీ. లేక ఎం.ఆర్.ఐ. తీసి, కంప్యూటరులో ఎముక రూపు కట్టి, దానిపై సరిగా కూర్చుండునట్లు నైలాను అచ్చును త్రీడీ ముద్రణ యంత్రమున చేయింతురు. కోత గురి కుదిరిన పిమ్మట అచ్చు తీసివేయుదురు. అది శరీరములో నుండదు. అచ్చునే క్రొత్త మోకాలని తలచినవారు మనలో కలరు గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము.

అచ్చు సిద్ధమగుటకు కొన్ని వారములు పట్టును. తీరా ఎముకపై కుదురక పోయినచో సర్జను దానిని ప్రక్కనుంచి పాత పనిముట్లతోనే ముగించును.

దీనివలన పనిముట్ల పళ్లెములు తగ్గును, కొంత సమయము కలిసివచ్చును. కాని రెండు పద్ధతులను పోల్చిన పెక్కు పరిశీలనలలో నొప్పి తగ్గుటయందుగాని నడకయందుగాని స్పష్టమైన అధిక లాభము తేలలేదు. అయితే పాత విరుగుడువలన తొడయెముక వంగినవారికిని, లోపల రాడ్డుండి కడ్డీ చొప్పింప వీలులేనివారికిని ఇది నిజముగా అక్కరకు వచ్చును. అట్టివారిని మేము వద్దనము.

ఇక ధర. 2017 ఆగష్టులో కేంద్ర ప్రభుత్వము కోబాల్టు క్రోమియం కీలునకు, జి.ఎస్.టి. గాక, రూ. 54,720 గరిష్ఠ ధర విధించెను. అంతకుముందు సగటున లక్షన్నర దాటియుండెను. ఆ హద్దు అమర్చు కీలునకు విధించినది. కావున కీలు, స్కాను, అచ్చు, ఆస్పత్రి ఖర్చు వేర్వేరు పద్దులుగా వ్రాసి యిమ్మనుడు. దుకాణమున గజము బట్టకు చీటీ అడుగు మనము ఇక్కడ మొగమాట పడనేల? అచ్చు నా కాలికి ఎందుకు కావలెనని సర్జనునే అడుగుడు.

కాగితములు ఇంగ్లీషులోనో మరాఠీలోనో యుండును. సంతకమునకు ముందు వానిని ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు తెండు. చదివి తెలుగున చెప్పుటకు ఇద్దరు యువకులను ఏర్పాటు చేసితిమి.