తగ్గిన బరువు నిలుచుట ఎట్లు?

“పెండ్లికి ఇంకను రెండు నెలల వ్యవధి యున్నది, ఈలోగా పది కిలోలు తగ్గవలెను” అను మాట నేడు మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నది. త్వరగా తగ్గు మార్గములను చెప్పువారికిని కొదువ లేదు. పెండ్లి జరిగిన రెండేండ్లకు ఆ బరువు ఏమగునని విచారించువారు మాత్రము అరుదు. ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఆ ప్రశ్నను గూర్చియే.

ఆహారము హఠాత్తుగా తగ్గినచో దేహము దానిని కఱవుగా నెంచును. రాబడి తగ్గిన నెలలో గృహిణి వ్యయమును కుదించినట్లే దేహమును తాను ఖర్చుచేయు శక్తిని కుదించును. ఆకలిని మాత్రము హెచ్చించును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములపాటు అరకొర ఆహారమునిచ్చి పరిశీలించెను. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను. కాని వారి తలపులన్నియు రేయింబవళ్లు తిండి చుట్టునే తిరుగజొచ్చెను. 2016లో వెలువడిన మఱియొక పరిశోధన, “బిగ్గెస్ట్ లూజర్” అను టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేండ్ల పిదప పరీక్షించెను. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారు అందులో 41 కిలోలను మరల పొందియుండిరి. విశ్రాంతిలో వారి దేహము ఖర్చుచేయు శక్తి, ఉండవలసినదానికంటె దినమునకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా నుండెను. కనుక బరువు తిరిగి వచ్చినవారిని జిహ్వచాపల్యము గలవారని నిందించుట న్యాయము కాదు.

అట్లయిన ఏ పద్ధతిని ఎన్నుకొనవలెను? ఎవరే పథ్యమును సూచించినను మనలను మనము ఒక్క ప్రశ్న వేసికొనవలెను: “ఐదేండ్ల తరువాతను ఈ విధముగా భుజింపగలమా?” 2018 ప్రాంతమున తెలుగునాట అన్నము పూర్తిగా మాని, కొబ్బరినూనెను కొలత ప్రకారము పుచ్చుకొను పథ్యము విశేషముగా వ్యాపించెను. త్వరగా తగ్గినవారు కలరు. కాని సంక్రాంతికి అరిసెలు వండు యింట, అందఱు పప్పన్నము కలుపుకొను పంక్తిలో, ఒక్కరు ఏండ్ల తరబడి వేఱు విస్తరి వేసికొనుట ఎంత కష్టమో ఆలోచింపుడు. అన్నమునకు బదులు జొన్నరొట్టెయో రాగిసంకటియో తినుట మంచిదే. వానిలో పీచు హెచ్చు. అయినను తూకమునకు తూకము చూచినచో బియ్యమునకును జొన్నలకును కెలోరీలలో పెద్ద భేదము లేదు. ధాన్యము మారినను పరిమాణము మారనిచో ఫలితము స్వల్పమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములు, మన కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని చెప్పుచున్నవి. దీనికై వేఱు వంట అక్కఱలేదు. కూర రెండింతలు వడ్డించుకొని, పప్పు చిక్కగా వండుకొని, మారు అన్నమును సగము చేసిన చాలును. నూనె సంగతియు గమనింపదగినది. ఒక లీటరు నూనెలో ఎనిమిదివేల కెలోరీలకు పైగా కలవు. నలుగురున్న యింట నెలకు నాలుగు లీటర్లకు బదులు మూడు వాడినచో మనిషికి దినమునకు 70 కెలోరీలవఱకు తగ్గును. ఇది చిన్నదే. కాని దీనికి ఉపవాసము లేదు, ఎవరికిని లోటు తెలియదు, ఏటికేడాది సాగును. నూనె డబ్బా విప్పిన తేదీని దానిపై వ్రాసియుంచినచో లెక్క తప్పదు.

ఎంత తగ్గవలెను? అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో ఒక వర్గమువారికి పెట్టిన లక్ష్యము శరీర బరువులో 7 శాతము, వారమునకు 150 నిమిషముల శ్రమ మాత్రమే. 80 కిలోల మనిషికిది 5.6 కిలోలు. ఆ వర్గమున మధుమేహము వచ్చుట 58 శాతము తగ్గెను. 2006లో చెన్నపట్నమునుండి వెలువడిన భారతీయ పరిశోధనలో బరువు చెప్పుకొనదగినంత తగ్గకయే, నడకవలనను ఆహారపు మార్పువలనను ఈ ముప్పు నాలుగవ వంతుకు పైగా తగ్గెను. కావున త్రాసు ముల్లు కదలని నెలలో నిరాశతో నడక మానరాదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండ చూచుకొనుటయు ఒక కొలతయే.

బరువు తగ్గించు వారపు సూదిమందులు 2025లో మన దేశమునకును వచ్చినవి. అవి కొందఱికి నిజముగా ఉపకరించును. అయితే 2022 నాటి ఒక పరిశీలనలో, మందు మానిన ఏడాదిలోగా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చెను. వైద్యుని సలహా లేక వానిని ముట్టరాదు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు, వైద్యునితో చెప్పకుండ ఉపవాసములకు దిగినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

ఇంటివారు గుర్తింపవలసిన విషయ మింకొకటి కలదు. అందఱికిని వడ్డించి కడపట కూర్చుండు గృహిణి, మిగిలిన అన్నము పాఱవేయ మనసొప్పక తానే తినును. ఆమె లావును చూచి నవ్వునదియు ఆ యింటివారే. కొలిచి వండుట, అందఱు కలిసి భుజించుట, భోజనానంతరము ఆమెకు అరగంట నడచు తీరిక కల్పించుట ఇంటిల్లిపాది బాధ్యత.

వచ్చు నెలలో ఒక్క మార్పునే ఎన్నుకొనుడు. వారమున కొకపరి, ఒకే వేళ బరువు చూచుకొని వ్రాసికొనుడు. పండుగనాడు పిండివంట తినుడు. మఱునాడు మామూలు కంచమునకు మరలుడు. ఆ మార్పు అలవాటైన పిదప రెండవదానిని చేపట్టవచ్చును.