భయానక చిత్రములలో నలుపు, తెలుపు: అధ్యక్షోపన్యాసము



అధ్యక్షపీఠము నెక్కినవాడు మొట్టమొదట తన అనర్హతను విన్నవించుకొనుట మన సభామర్యాద. ఆ విన్నపమును మీరు సావధానముగా వినినట్లును, పెద్దమనసుతో మన్నించినట్లును భావించి నేను నేరుగా విషయమునకు వచ్చుచున్నాను. సాహిత్యసభలో దయ్యపు సినిమాల ప్రసంగమేమని ముందువరుసలోని పెద్దలు కొందఱు నొసలు ముడుచుట నాకు కనబడుచునే యున్నది. వారికి నేను భరతమునిని సాక్షిగా నిలిపెదను. భయమును రసస్థాయికి దెచ్చి, దానికి విభావానుభావములను విధించి, భయానకమునకు కృష్ణవర్ణమును, కాలుడను అధిదేవతను నిర్దేశించినవాడు ఆయనయే. ఐతే శృంగారమునకు శ్యామవర్ణమును, విష్ణువును చెప్పినవాడును ఆయనయేనన్న సంగతిని మనము తఱచుగా మఱచిపోవుచుందుము. చీకటివన్నె మన శాస్త్రమున భయమునకెంత దగ్గఱయో ప్రణయమునకును అంత దగ్గఱ. దానిని భయమునకు మాత్రమే కట్టివేసి, ఆ కట్టిన త్రాటి రెండవ కొనను ఒక మనుష్యజాతి మెడకు తగిలించినది చరిత్ర; ఆ కట్టును తెఱమీద సహజమైనదిగా కనబఱచినది కెమెరా.

ఈ సంగతిని అమెరికా చిత్రముల ఉదాహరణములతోనే మనవి చేయదలచితిని. నల్లవారిని బానిసలుగా కొని అమ్మిన దేశమే చలనచిత్రమును మహాపరిశ్రమగా పెంచినది గనుక, ఈ రెండు చరిత్రలును అచ్చట ఒకే తెఱమీద కలిసికొన్నవి. మన విమర్శకులు సాధారణముగా కథలో దుష్టుడెవడు, శిష్టుడెవడు అని విచారించి తృప్తిపడుదురు. నా మతమున అది సగము పనియైనను కాదు. భయానక చిత్రమున కెమెరా ఎవని పక్షమున నిలిచినది, దీపము ఎవని ముఖముపై పడినది, కత్తెర ఏ క్షణమున పడినది అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పనిదే, అందలి జాతిభావమును గూర్చి చెప్పిన మాట యేదియు నిలువదు.

1915వ సంవత్సరమున డి. డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' చిత్రమును ఎవరును దయ్యపు చిత్రమనరు. కాని తరువాతి భయానక చిత్రములు వాడుకొన్న వ్యాకరణము చాలవఱకు అందున్నది. గస్ అను నల్లవాడొక తెల్లబాలికను అడవిలో వెంటాడును. ఆమె కొండకొమ్మునుండి దుమికి ప్రాణములు విడుచును. ఆ గస్ వేషము వేసినవాడు ముఖమునకు నలుపు పూసికొన్న తెల్లనటుడు వాల్టర్ లాంగ్. తెల్లజాతి తన భయమునకు తానే రంగు పూసి, ఆ రంగును చూచి తానే జడిసికొన్నదన్నమాట. పరుగెత్తు బాలికను ఒక షాటులో, వెంటబడు నల్లవానిని ఇంకొక షాటులో, వెదకుచు వచ్చు అన్నను మఱియొక షాటులో చూపుచు గ్రిఫిత్ నడిపిన సమాంతరపు కూర్పు ఎంతటి నైపుణ్యము గలదనగా, చిత్రము కొసకు వచ్చునప్పటికి ప్రేక్షకుని గుండె ముసుగులు ధరించిన క్లూ క్లక్స్ క్లాన్ రౌతుల గుఱ్ఱములతోబాటు దౌడుతీయును. ఆ యేడే ఆ ముసుగుల సంఘము జార్జియా రాష్ట్రమున స్టోన్ మౌంటెన్ శిఖరముపై మరల స్థాపింపబడినది. కళానైపుణ్యము పాపమునకు ప్రాయశ్చిత్తమగునా అని అడుగువారికి ఈ చిత్రమొక్కటి చాలును: ఇచ్చట నైపుణ్యమే పాపమును మోసిన వాహనము.

1933 నాటి 'కింగ్ కాంగ్' చిత్రమును గూర్చి విస్తరింపను; దానిపై వ్రాసినవారు చాలమంది యున్నారు. ద్వీపమునుండి బంధించి ఓడపై తెచ్చిన నల్లని బలిష్ఠప్రాణిని న్యూయార్కు రంగస్థలముపై సంకెళ్లతో నిలువబెట్టి టిక్కెట్లమ్ముకొన్న దృశ్యము ఏ చరిత్రను తలపించునో వివరింపనక్కరలేదు. విల్లిస్ ఓబ్రయన్ ఆ బొమ్మను ఫ్రేము ఫ్రేమునకు కొంచెము కదల్చి తీసి దానికి ప్రాణము పోయుటలో ఎంత కరుణను నింపెననగా, కథ ద్వేషింపుమన్నదానిని హస్తకౌశలము ప్రేమింపజేసినది. ఆ చిత్రమున ద్వీపవాసుల నాయకుడుగా నటించిన నోబుల్ జాన్సన్ అను నల్లనటుడు, 1916లో తన సోదరునితో కలిసి నల్లవారి కొఱకు లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీని నెలకొల్పినవాడు. అట్టివానికి హాలీవుడ్ ఇచ్చిన వేషమది.

ఇక జాంబీల కథ. అమెరికా నావికాసైన్యము 1915 మొదలు 1934 వఱకు హైతీ దేశమును ఆక్రమించి యుండెను. ఆ కాలముననే హైతీవాసుల నమ్మకమైన జాంబీ ఓడలెక్కి అమెరికా తెఱపైకి వచ్చెను. బానిసకు మరణమొక్కటే విడుదల. చచ్చిన పిమ్మటగూడ లేపి తోటలో పని చేయించుకొనుటకన్న ఘోరమైన ఊహ బానిసకు వేఱొకటి యుండునా? జాంబీ యనగా మొదట మనుష్యులను కొఱికి తిను పిశాచము కాదు, విశ్రాంతిలేని కూలివాడు. 1932లో విక్టర్ హాల్పెరిన్ తీసిన 'వైట్ జాంబీ'లో ఈ సత్యము ఒక్క దృశ్యమున మెఱయును. చెఱకుమిల్లులో శవములవంటి కూలీలు బుట్టలు మోయుచుందురు. సంగీతము లేదు, గానుగ కిఱకిఱ తప్ప మఱియొక ధ్వని లేదు. ఒకడు తూలి గానుగలో పడును. కాని గానుగ ఆగదు, ఎవడును తల త్రిప్పడు. తోటల ఆర్థికశాస్త్రమంతయు ఆ కిఱకిఱలో నున్నది. ఐతే చిత్రము అంతలోనే ఆ మిల్లును మఱచిపోయి, తన దుఃఖమంతయు జాంబీగా మారిన ఒక తెల్లపెండ్లికూతురునకు ధారపోసినది. పేరులోనే ఆ పక్షపాతము పలుకుచున్నది.

పదునొకండేండ్లకు, 1943లో, నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' తీసిరి. ఆర్.కె.ఓ. సంస్థవారు ల్యూటనునకు సంతపాటల వంటి పేర్లను, చాలీచాలని సొమ్మును ఇచ్చి సినిమా తీయుమనెడివారు. ఆయన ఆ లేమినే సొగసుగా మార్చుకొనెను. అందులో ఒక నర్సు, మతిదప్పిన యజమానురాలిని చేయిపట్టుకొని రాత్రివేళ చెఱకుతోటలో నడిపించుకొని పోవును. మాట లేదు, గాలికి చెఱకాకుల గలగల, కెమెరా ప్రక్కనే మెల్లగా సాగును, దారిలో దిగంబరవక్షుడై, కనుఱెప్ప వాల్చని కర్ఫూర్ అను నల్లని కావలివాడు నిలిచియుండును. భయపెట్టువాడు వాడని మనమనుకొనునంతలో, వాడు చేయిచేసికొనక వెంట నడచును. ఆ యజమానురాలి యింటి ముంగిట బాణములు గ్రుచ్చుకొన్న సెబాస్టియన్ మునీశ్వరుని ప్రతిమ యొకటి యున్నది. అది పూర్వమొక బానిసల ఓడ ముక్కునకు అమర్చిన బొమ్మ. బండితోలు నల్లవాడు తన పూర్వులను గొలుసులతో తెచ్చిన ఓడను గూర్చి చెప్పగా, ఆ తెల్లనర్సు ఎట్లైనను చక్కని చోటికే తెచ్చిరిగదా యనును. వాడు వినయముగా మీరనినచో అట్లేయని ఊరకుండును. ఆ వినయమున ఎంత అగ్ని యున్నదో టూర్నర్ ఎఱుగును, కావుననే ఆ చోట కెమెరాను కదలనీయలేదు.

1968 అక్టోబరులో పిట్స్‌బర్గు నగరమున తొలిసారి ప్రదర్శింపబడిన జార్జి రొమేరో చిత్రము 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' నా దృష్టిలో ఈ చరిత్రకు నడిమి స్తంభము. లక్షాపదునాలుగు వేల డాలర్ల చిల్లర సొమ్ముతో, నలుపు తెలుపు ఫిల్ముమీద, శవములు లేచి వచ్చిన ఒక రాత్రి కథను రొమేరోయు అతని సహచరులును తీసిరి. బెన్ అను కథానాయకుని పాత్రను నల్లవాని కొఱకు వ్రాయలేదనియు, వచ్చినవారందఱిలో డ్యుయేన్ జోన్స్ బాగుగా నటించెను గనుక అతనిని తీసికొంటిమనియు రొమేరో పలుమారులు చెప్పియున్నాడు. మొరటు లారీడ్రైవరుగా వ్రాసిన ఆ పాత్ర సంభాషణలను విద్యావంతుడైన జోన్స్ తన నోటికి తగినట్లు మార్చుకొనెను. చిత్రమున అతని వర్ణమును గూర్చి ఒక్కరును ఒక్క మాటయైనను అనరు. ఇచ్చట కొందఱు విమర్శకులు తొందరపడి, దర్శకుడు ఉద్దేశింపలేదు గనుక జాతిభావమే లేదందురు. కర్త తలపున లేనిది కృతిలో నుండదను వాదమును మన ఆలంకారికులు ఏనాడో త్రోసివేసినారు. నటుడు మారినంతనే ప్రతి షాటునకు అర్థము మారినది: తెల్లవాడైన కూపర్ నేలమాళిగలో దాగుదమనగా బెన్ కాదనుట, తుపాకికై పెనుగులాట, పలకలు కొట్టిన కిటికీనుండి బెన్ తొంగిచూచుట, అన్నియు మాఱిపోయినవి.

దాని ముగింపును మాత్రము కొంత నిదానముగా చెప్పవలెను. రాత్రియంతయు శవములతో పోరాడి ఒంటరిగా మిగిలిన బెన్, తెల్లవాఱినపిమ్మట కిటికీకడకు వచ్చును. తుపాకులు, కుక్కలు వెంటబెట్టుకొని శవములను వేటాడుచు వచ్చిన తెల్లవారి గుంపు అతనిని శవమని తలచి కాల్చివేయును. అంతవఱకు ఇంటిలోన బెన్ ప్రక్కన నిలిచిన కెమెరా ఆ క్షణమున బయటికి, ఆ గుంపు నడుమకు వచ్చినది. పిమ్మట చలనచిత్రము చలించుట మానివేసినది! గరుకుగరుకుగా వార్తాపత్రికలో అచ్చొత్తినట్టి నిశ్చలపటములు వరుసగా కనబడును: కొక్కెములతో ఈడ్చిన దేహము, చుట్టు నిలిచిన మొగములు, చితి. నల్లవారిని చెట్లకు ఉరిదీసి, ఆ శవములయొద్ద నిలిచి ఫొటోలు తీయించుకొని, వానిని పోస్టుకార్డులుగా అమ్ముకొన్న దేశమది. ఆ పటములను చూచిన అమెరికనుడు ఎవడును వాని పూర్వరూపమును గుర్తింపక పోడు. ముద్రణ పూర్తియైన రీళ్లను కారులో న్యూయార్కునకు కొనిపోవుచు మార్టిన్ లూథర్ కింగ్ హత్యావార్తను రేడియోలో వింటిమని రొమేరో చెప్పినాడు. తలపులో లేని అర్థమును కాలము ఈ విధముగా చేర్చినది.

దీపము ఎవని ముఖముపై పడినదను ప్రశ్నకు సంబంధించి ఫిల్మునుగూర్చి ఒక్కమాట. రంగుల ఫొటోల ముద్రణను సరిచూచుటకు కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన నమూనా కార్డులపై నుండినది తెల్లవనిత. ఆ కార్డులకు షర్లీ యని ముద్దుపేరు. ఆమె చెక్కిలి చక్కగా కనబడినచో రంగు కుదిరినట్లు. తెల్లవాడును నల్లవాడును ఒకే ఫ్రేములో నున్నచో నల్లవాని ముఖమున కన్నులు, పండ్లు తప్ప తక్కినదంతయు చీకటిగా నుండెడిది. చాకొలేటు వ్యాపారులును, కొయ్యసామాను వ్యాపారులును తమ సరకుల వన్నెలు పటములలో దిగుటలేదని మొఱపెట్టిన పిమ్మటగాని ఆ లోపము కుదుటబడుటకు దారి యేర్పడలేదని పరిశోధకులు వ్రాసిరి. మనిషి మొఱకన్న మేజాబల్ల మొఱ ముందుగా వినబడినది.

1992లో వచ్చిన 'క్యాండీమాన్'ను నేను మెచ్చుకొందును గాని పూర్తిగా మెచ్చలేను. చికాగోలోని కాబ్రిని గ్రీన్ పేదల యిండ్లు, ఫిలిప్ గ్లాస్ సంగీతము, టోనీ టాడ్ గంభీరకంఠము మఱపునకు రావు. కాని తెల్లవనితను ప్రేమించినందుకు చంపబడిన నల్లచిత్రకారుడు ప్రేతమై తిరుగుచుండ, కెమెరా తెల్లపరిశోధకురాలి కన్నులనే ఆశ్రయించినది. 2021లో నియా డకోస్టా ఆ కథను మరల చేపట్టి, పూర్వపు హత్యలను రక్తమాంసములతో చూపక, కాగితపు బొమ్మల నీడలతో చూపెను. తోలుబొమ్మలాట నెఱిగిన మనకు ఆ యుక్తి విలువ వివరింపనక్కరలేదు: బాధను చెప్పవచ్చును, బాధితుని దేహమును మరల సంతలో పెట్టనక్కరలేదు.

ఇక 2017 నాటి జోర్డన్ పీల్ చిత్రము 'గెట్ అవుట్'. నలువది అయిదు లక్షల డాలర్లతో తీసిన ఈ చిత్రము ఇరువదియైదు కోట్లకు పైగా ఆర్జించినది. మూల చిత్రకథారచనకు ఆస్కారు పొందిన తొలి నల్లరచయిత పీల్. ఇందులో భయమునకు నెలవు శిథిలసౌధము కాదు, కత్తిరించిన పచ్చికతో వెలుగుచున్న తెల్లవారి పేట. రాత్రివేళ ఆ వీధిలో దారి తప్పిన నల్లయువకుని కెమెరా విడువక వెంబడించును. తెల్లని కారొకటి వెనుదిరిగి వచ్చును. ఇన్నాళ్లు భయమును కలిగించినవాడే ఇచ్చట భయపడువాడు. వేఱొక నల్లవాడగు కథానాయకుడు క్రిస్‌ను అతని కాబోవు అత్తగారు టీకప్పులో చెంచా త్రిప్పుచు వశము చేసికొనును. ఆ చెంచా సవ్వడి విన్నప్పుడెల్ల నాకు 1932 నాటి చెఱకుగానుగ జ్ఞప్తికి వచ్చును. క్రిస్ అగాధమున పడిపోవుచుండ అతని ప్రపంచము దూరముననున్న చిన్నతెఱగా మారును: చూచుటయే గాని కదలుటకు వీలులేని ప్రేక్షకుని స్థితి. తోటలో అతిథులు మౌనముగా బింగో చీట్లు ఎత్తుచుందురు; కెమెరా మెల్లగా వెనుకకు జరుగగా, అమ్మకమునకు పెట్టినది క్రిస్ ఫొటో యని తెలియును. వేలముపాటగాడు పాట పాడకయే పాడించిన దృశ్యమది. తుదకు అతడు బ్రతికి బయటపడుట, తనను కట్టివేసిన కుర్చీనుండి పెఱికిన దూదిని చెవులలో క్రుక్కుకొనుటవలననే. ప్రత్తిచేలలో వెన్ను విఱిగిన జాతివాని చేత దర్శకుడు ఆ పని చేయించినాడు. వశులైన నల్లవారిని క్షణకాలము మేలుకొలుపునది ఫోను కెమెరా మెఱుపు. ముగింపున పోలీసు దీపములు ఎఱ్ఱగా నీలముగా మెఱయగానే, ఆ నేలనెఱిగిన ప్రేక్షకుడు బెన్‌కు పట్టిన గతియే వీనికిని పట్టునని కొయ్యబాఱిపోవును. వచ్చినది మిత్రుడు. క్రిస్‌ను పోలీసులు బంధించునట్లు ముందు తీసిన ముగింపును పీల్ తీసివేసినాడు.

ఆ వేలమునకు వచ్చిన అతిథులలో జపాను పెద్దమనిషి యొకడున్నాడు. నల్లవాడై పుట్టుట లాభమా నష్టమా యని అతడు క్రిస్‌ను అడుగును. అమెరికాలో అట్టి పేటలలోనే యిండ్లు కొన్న మన తెలుగు బంధువులు ఆ పాత్రను చూచి నవ్వి లేచిపోక, తాము ఏ కుర్చీలో కూర్చున్నారో ఒక్కమాఱు చూచుకొనుట మంచిది.

మన తెఱ ఈ విచారమునకు వెలుపలిది కాదు. పౌరాణికములలో రాక్షసునికి పూసిన నలుపెక్కడినుండి వచ్చినది, 'మాయాబజార్'లో రంగారావుగారి ఘటోత్కచుని మనమెట్లు ముద్దాడగలిగితిమి, నేటి దయ్యపు చిత్రములలో చేతబడి చేయువాని గుడిసె ఊరికి ఏ దిక్కున నుండునని కెమెరా చూపుచున్నది? వీనికి అమెరికానుండి సమాధానములు అరువు తెచ్చుకొనుట తగదు. మన జాతివర్ణముల చరిత్ర వేఱు, దానిని మనమే వెదకవలెను. కావున వచ్చు సభకు పత్రములు పంపదలచిన యువకులకు నాదొక ప్రార్థన: కథాసంగ్రహము ఒక పుట మించనీయకుడు; ఒకే యొక్క దృశ్యమును చేపట్టి, దీపమెక్కడనున్నది, కెమెరా ఎవని ప్రక్కనున్నది, కత్తెర ఎప్పుడు పడినది అని షాటు షాటుగా పరిశీలించి వ్రాసి తెండు.