సిద్ధాంత గ్రంథం సమర్పించిన మర్నాడు



అధ్యక్షస్థానంలో ఉన్నవారు రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీదో, కేంద్ర బడ్జెట్టు మీదో మాట్లాడటం మన అర్థశాస్త్ర అధ్యాపకుల సంఘం సదస్సుల్లో ఆనవాయితీ. ఈసారి దాన్ని పక్కన పెట్టి మన స్కాలర్ల గురించి మాట్లాడతాను. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీలో చేరిన వాళ్లు దాన్ని ఎప్పటికి ముగిస్తున్నారు, ముగించాక ఎక్కడికి వెళ్తున్నారు అన్నదే నా విషయం. నిరుద్యోగం మీద మనం ఎన్నో పత్రాలు చదివాం. మన విభాగాల్లో వైవా అయిపోయి కూర్చున్న వాళ్ల నిరుద్యోగం మీద ఒక పత్రమైనా ఈ వేదిక మీద విన్న గుర్తు నాకు లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పీహెచ్‌డీ సాగదీతకు బీజం చాలాసార్లు మొదటి ఏడాదిలోనే పడుతుంది. ఆ బీజం వేయడంలో గైడులుగా మన చేయి ఉంటుంది. ఆలస్యానికి మూల్యం చెల్లించేది మాత్రం స్కాలరు ఒక్కరే.

పీహెచ్‌డీ ముగించడం అంటే ఏమిటో తెలియాలంటే అంబేడ్కర్ జీవితం చూడాలి. ఆయన 1916లో కొలంబియా నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. 1917లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. విడిగా ఓడలో పంపిన ఆయన పుస్తకాలు జర్మన్ జలాంతర్గామి దాడిలో సముద్రం పాలయ్యాయి. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ జీతంలో మిగుల్చుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. మిత్రుడొకరు అప్పిచ్చారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ పట్టా పొందారు. కొలంబియా డాక్టరేటు అధికారికంగా చేతికి వచ్చింది 1927లో, రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీది ఆయన గ్రంథం అచ్చయ్యాక. ఈలోగా 1925లోనే భారత కరెన్సీ మీద నియమించిన రాయల్ కమిషన్ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పారు. డీఎస్సీ కోసం చేసిన పరిశోధన రెండేళ్లకే దేశ ద్రవ్య విధానం మీద చర్చలోకి వెళ్లింది.

అంతటి మేధావి చదువు కూడా డబ్బు దగ్గరే ఆగింది. ఈనాటి లెక్క చూద్దాం. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు 37,000, సీనియర్ (ఎస్ఆర్ఎఫ్) 42,000 రూపాయలు. మంచి మొత్తమే. కానీ అది అయిదేళ్లే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. అంటే ఆలస్యమైన ప్రతి నెలా ఫెలోషిప్ లేని నెలే. నెట్ ఫెలోషిప్ రాని వాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇస్తారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. పగలు ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు, రాత్రి థీసిస్. అలా నెట్టుకొస్తున్న పిల్లను "చాప్టర్ ఏదమ్మా?" అని అడిగే ముందు ఆ నెల అద్దె ఎలా కట్టిందో మనం అడగాలి.

డబ్బు తరువాతి అడ్డంకి అంశం. మన సినాప్సిస్‌ల శీర్షికలు వరసగా చదవండి. ఫలానా జిల్లాలో స్వయం సహాయక సంఘాల పనితీరు, ఫలానా మండలంలో రైతుల సామాజిక ఆర్థిక స్థితిగతులు. చోటు పేరు ఉంటుంది, ప్రశ్న ఉండదు. స్కాలరు మూడు వందల ఇళ్లు తిరిగి ప్రశ్నావళి నింపుకుని వస్తుంది. టేబుళ్లు వేస్తుంది. అప్పుడు తెలుస్తుంది, సంఘంలో చేరడం వల్ల ఆదాయం పెరిగిందో, కాస్త నిలదొక్కుకున్న వాళ్లే సంఘంలో చేరారో ఆ మూడు వందల కాగితాలు చెప్పలేవని. అప్పటికి మూడేళ్లు గడిచిపోయి ఉంటాయి. వెనక్కి వెళ్లే వీలుండదు. అందుకే చివరి అధ్యాయంలో సూచనల పేరుతో ప్రభుత్వం మరిన్ని రుణాలివ్వాలని రాసి ముగిస్తారు. ప్రశ్నావళి అచ్చు వేయించక ముందే ఆ చిక్కును పసిగట్టి చెప్పాల్సింది గైడు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. మన నేల మీద సేకరించిన సమాచారంతో ప్రపంచం పరిశోధన చేస్తోంది, మన పిల్లలకు దాని పేరు కూడా మనం చెప్పడం లేదు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. వాటిలో పాత మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి, డోకూరు గ్రామాలు ఉన్నాయి. అవే ఇళ్లను ఏటేటా అడుగుతూ పోయారు. ఒక ఇంటికి పంట పోతే ఆ ఇంట్లో తిండి తగ్గుతుందా, లేక ఊరంతా కలిసి ఆ నష్టాన్ని పంచుకుంటుందా అన్నది ప్రశ్న. అవురుపల్లితో పాటు మరి రెండు గ్రామాల లెక్కలతో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ దీనికి జవాబు వెతికారు. కుటుంబాల వినియోగం సొంత ఆదాయం కన్నా ఊరి సగటుతోనే ఎక్కువగా కదులుతోందనీ, ఆ మూడింటిలో ఒక ఊళ్లో మాత్రం భూమి లేని వాళ్లకు ఆ రక్షణ తక్కువనీ తేల్చారు. 1994లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చిన ఆ వ్యాసం చదవకుండా అభివృద్ధి అర్థశాస్త్రంలో విదేశీ పీహెచ్‌డీ పూర్తిచేసేవారు అరుదు. అవురుపల్లికి బస్సులో వెళ్లిరాగలిగిన మన విద్యార్థికి ఆ వ్యాసం సిలబస్‌లో ఉండదు!

యంగ్ లైవ్స్ అధ్యయనమూ అలాంటిదే. 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లలను వాళ్లు పెద్దయ్యే దాకా అనుసరించారు. ఆ సమాచారం పరిశోధకులకు ఉచితం. కేంద్ర గణాంక శాఖ వారి శ్రామికశక్తి సర్వే, కుటుంబ వినియోగ వ్యయ సర్వే యూనిట్ స్థాయి లెక్కలు కూడా రుసుం లేకుండా దొరుకుతాయి. కావలసిందల్లా స్టాటా, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరవగల నేర్పు. కోర్సువర్కులో పరిశోధన పద్ధతుల పేరుతో నమూనా రకాల నిర్వచనాలు బట్టీ పట్టించడం మానేసి, ఒక్క సెమిస్టరు నిజమైన డేటాతో కూర్చోబెడితే చాలు. ఆ నేర్పు థీసిస్‌కూ పనికొస్తుంది, తరువాతి ఉద్యోగానికీ పనికొస్తుంది. అలాగని క్షేత్ర పరిశీలన వద్దనడం లేదు. లెక్కలు చెప్పనిదాన్ని వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్లినప్పుడు, తెలుగులో అడిగి తెలుగులో వినగల మనవాళ్లకు బయటివాళ్ల కన్నా ఎంతో ఎక్కువ అందుతుంది.

ఇక ఉద్యోగాలు. విశ్వవిద్యాలయ నియామకాల మాట మీ అందరికీ తెలుసు. ప్రకటనలు ఏళ్ల తరబడి రావు. వస్తే న్యాయస్థానాల్లో నిలిచిపోతాయి. 2022లో తెలంగాణ శాసనసభ ఉమ్మడి నియామక బోర్డు బిల్లు ఆమోదిస్తే అది గవర్నర్ దగ్గర ఆగింది. పైగా 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూజీసీ తేల్చింది. కాబట్టి పీహెచ్‌డీ అంటే లెక్చరర్ ఉద్యోగమే అన్న ఒక్క దారి మనం పిల్లలకు చూపించకూడదు.

మిగిలిన దారులకు వయసు తలుపులున్నాయి. ఇండియన్ ఎకనామిక్ సర్వీసు (ఐఈఎస్)కు ఎం.ఏ. చాలు, కానీ జనరల్ అభ్యర్థికి 30 ఏళ్లు దాటకూడదు. ఇరవై అయిదో ఏట చేరి ఆరేళ్లు తీసుకున్న స్కాలరు ముందు ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. రిజర్వు బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగంలో గ్రేడ్ బి అధికారుల ఎంపికకు మామూలు హద్దు 30 అయినా, పీహెచ్‌డీ ఉన్నవారికి 34 దాకా అవకాశం ఇస్తున్నారు. ఇరవై తొమ్మిదికి ముగించిన వారికి అక్కడ అయిదేళ్ల వ్యవధి దొరుకుతుంది, ముప్పై మూడుకు ముగించిన వారికి ఒక్క ప్రయత్నం. మన స్కాలర్లలో చాలామందికి ఈ సంగతి వైవా అయ్యాక తెలుస్తుంది. మొదటి ఏడాది మొదటి వారంలోనే చెప్పాలి. ఐఈఎస్ ముందే రాయండి, వస్తే చేరండి, పరిశోధన కొలువులో ఉండి కూడా కొనసాగించవచ్చని చెప్పాలి. ఐఏఎస్ అధికారులుగా పనిచేసిన వై.వి. రెడ్డిగారు ఉస్మానియా నుంచీ, దువ్వూరి సుబ్బారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచీ అర్థశాస్త్రంలో డాక్టరేట్లు పొందినవారే. సుబ్బారావుగారి పరిశోధన రాష్ట్రాల స్థాయి కోశ (ఫిస్కల్) సంస్కరణల మీద. 2003 నుంచి 2013 దాకా పదేళ్లు రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిలో ఉన్నది ఒకరి తరువాత ఒకరుగా ఈ ఇద్దరే.

ఇవి కాక పరిశోధన సంస్థలూ ఉన్నాయి. హైదరాబాద్ బేగంపేటలో సెస్ ఉంది, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. ఢిల్లీలో ఎన్‌సీఏఈఆర్, ఎన్ఐపీఎఫ్‌పీ ఉన్నాయి. రేటింగ్ సంస్థలు, బ్యాంకుల పరిశోధన విభాగాలు, పెద్ద టెక్ కంపెనీలు కూడా అర్థశాస్త్రవేత్తలను తీసుకుంటున్నాయి. వీళ్లెవరూ అయిదు వందల పేజీల థీసిస్ తిరగేయరు. ఒక మంచి పేపరు అడుగుతారు. అమెరికాలో దాన్ని జాబ్ మార్కెట్ పేపర్ అంటారు. అక్కడి విద్యార్థులు చివరి ఏడాదంతా దాని మీదే పెట్టి, అనేక సెమినార్లలో చదివి, ఎదురుదెబ్బలు తిని, సరిదిద్దుకుంటారు. మన దగ్గర సమర్పణకు ముందు పేపరు తప్పనిసరి చేసిన నిబంధన డబ్బు పుచ్చుకుని అచ్చువేసే పత్రికలకు బాగా గిరాకీ తెచ్చింది. 2022లో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు రాసే పేపరు ఎవరి లెక్క కోసమో కాదు కాబట్టి, మంచిదే రాయించవచ్చు.

స్త్రీ స్కాలర్ల గురించి ఒక్క మాట. వాళ్లకు గడువు మీద రెండేళ్ల సడలింపు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు నిబంధనల్లో ఉన్నాయి. పెళ్లయో మరో కారణంతోనో ఊరు మారితే పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకునే వీలూ ఉంది. ఈ చివరిది మన విభాగాల్లో ఎంతమందికి చెప్పాం? పెళ్లితో ఆగిపోయిన థీసిస్‌లు ప్రతి విభాగంలోనూ ఉన్నాయి. ఆ అమ్మాయిల ఫోన్ నంబర్లు మన దగ్గరే ఉన్నాయి. ఈ వారమే ఫోన్ చేయండి.

ఈ సదస్సుకు నా ప్రతిపాదనలు రెండు. వచ్చే ఏడాది నుంచి ఒక పూట పూర్తిగా చివరి ఏడాది స్కాలర్లకు కేటాయిద్దాం. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు, ఒకే పేపరు, ఆ అంశం తెలిసిన ఒక విమర్శకుడు, ఎదుట సెస్ నుంచీ బ్యాంకుల నుంచీ వచ్చి వినేవాళ్లు. రెండోది, ప్రతి విభాగం గత పదేళ్లలో తన దగ్గర పీహెచ్‌డీలో చేరినవాళ్లు ఎందరు, ముగించినవాళ్లు ఎందరు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్న నాలుగు వివరాలూ సేకరించి ఇక్కడ చదవాలి. పేర్లు అక్కర్లేదు. మొదటి పట్టిక మా విభాగానిదే. దాన్ని నేనే తెచ్చి చదువుతాను.